ముందద్దం మీది బీడింగ్

మా ఓపెన్ టాప్ బండిని ఎక్కడిదాకా కోయాలో ఆయన చేత్తో చూపించాడు. ముందు సీటు వెనక అరచెయ్యి నిలువుగా పెట్టి, "ఇక్కడిదాకా చాలండీ. వెనక పార్ట్ మాకు అవసరం లేదు" అన్నాడు.

ఆయన చెక్‌పోస్ట్ దగ్గర కొత్తగా రెస్టారెంట్ పెడుతున్నాడు. లోపలికి అడుగు పెట్టగానే గోడను చీల్చుకుని కారు బయటికొస్తున్నట్టు కనిపించాలని ఆయన ఆలోచన. హెడ్‌లైట్లు ఎప్పుడూ వెలుగుతూ ఉంటాయట. పిల్లలు స్టీరింగ్ పట్టుకుని ఫొటోలు దిగుతారట. మనిషి మర్యాదస్తుడు. వెళ్లేటప్పుడు అమ్మకు నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. నాన్న మాత్రం ఆయన చెయ్యి పెట్టిన చోటునే చూస్తూ నిలబడ్డాడు. ఆయన గేటు దాటాక ఆ చోటును గుడ్డతో తుడిచాడు.

హైటెక్ సిటీ లేచిన కొత్త రోజులవి. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేసేదాన్ని. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, కంప్యూటర్లో రాసి పంపడం నా ఉద్యోగం. ఎవరి ముందుకూ వెళ్లి, "ఇది తప్పు" అని నోటితో చెప్పక్కర్లేదు. అందుకే ఆ పని నాకు నచ్చింది. కంపెనీలో సగంమందికి నా గొంతు ఎలా ఉంటుందో తెలియదు.

నాన్న కృష్ణా జిల్లా నుంచి డ్రైవరుగా వచ్చి, ఫిలింనగర్‌లో స్థిరపడి, షూటింగులకు కార్లు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. పోలీసు జీపు, జమీందారు కారు, పెళ్లివారి వ్యాను, ఏది కావాలన్నా మా ఇంటికే కబురొచ్చేది. తర్వాత సినిమాల్లోకి మెరిసే కొత్త కార్లు వచ్చాయి. మా పాతవాటిని అడిగేవాళ్లు తగ్గారు. నాన్న ఒక్కొక్కటే అమ్మేసి, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు క్యాబులు తిప్పడం మొదలుపెట్టాడు. అమ్మకుండా ఉంచుకున్నది ఈ ఒక్క బండినే. మీగడ రంగు, పైకప్పు గుడ్డది, వెనక్కి మడిస్తే పడవలా తెరుచుకునేది. వీధిలో అందరూ దాన్ని పాటల బండి అనేవారు. పాట ఉంటే తప్ప ఎవరూ దాన్ని పిలిచేవారు కాదు.

బండికి వచ్చిన జబ్బు ముందద్దం దగ్గరిది. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి, పగిలి, వానాకాలమంతా నీళ్లు లోపలికి కారేవి. కాళ్లు పెట్టే చోట రేకు తుప్పు పట్టి, కిందున్న నేల కనిపించేది. షెడ్డేమో చిన్న కారు కోసం కట్టింది. బండి వెనక భాగం లోపలున్నా, బానెట్టూ ముందద్దమూ బయటే ఉండేవి.

రెస్టారెంట్ ఆయన వచ్చి వెళ్లిన రోజు భోజనాల దగ్గర అమ్మ మాట తేల్చింది.

"ఏవండీ, ఇంకా ఎన్నేళ్లు దాని లోపల బకెట్లు పెడతారు?"

"రబ్బరు మారిస్తే అయిపోతుందే."

"ఆ మాట మూడేళ్ల నుంచీ వింటున్నాను. ఈసారి తొలకరి లోపల మార్చండి. మొదటి వానకి లోపల చుక్క కనిపించిందా, ఆయనకి ఫోన్ చేసేది నేనే."

"కోస్తారే దాన్ని."

"తుప్పు తినేస్తుంటే ఏం చేస్తున్నారు? అది మాత్రం కోత కాదా?"

నాన్న సరేనన్నాడు. నేను మజ్జిగ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. అప్పటికి తొలకరికి మూడు వారాలు కూడా లేవు.

రబ్బరు మార్చాలంటే అద్దం తియ్యాలి. అద్దం తియ్యాలంటే ముందు దాని చుట్టూ ఉన్న నికెల్ పట్టీలు ఊడదీయాలి. వాటినే బీడింగ్ అంటారు. పక్కలవీ కిందదీ పొట్టివి, గట్టివి. పైది ఒకటే పొడుగాటి ముక్క, అద్దం వంపుకు తగ్గట్టు వంపు తిరిగి, రేకు పల్చగా ఉంటుంది. ఒక్కసారి మడత పడిందంటే మళ్లీ దాని చోట కూర్చోదు. కూర్చోకపోతే ఎంత కొత్త రబ్బరు వేసినా నీళ్లు వస్తాయి. ఇంకొకటి దొరకదు. మా మేస్త్రి పాత సామాన్ల బజార్లన్నీ తిరిగి, ఉత్త చేతులతో వచ్చి, "అన్నా, గా పట్టీ నీ బండికి ఒక్కటే ఉన్నది. దాన్ని నీ కంటిపాప లెక్క జూస్కో" అన్నాడు.

మేస్త్రి బోరబండ మనిషి. డెంటింగ్ పని, అంటే రేకుల సొట్టలు తీయడం. నాన్నకూ ఆయనకూ ఇరవై ఏళ్ల స్నేహం. ఆ ఇరవై ఏళ్లూ ఒకరి మాట ఇంకొకరు ఒప్పుకున్నది నేను చూడలేదు.

బంజారాహిల్స్‌లో పాత కార్ల పిచ్చి ఉన్న ఒక పెద్దాయన దగ్గర నాన్న ఆ బండి తాలూకు ఇంగ్లీషు పుస్తకం తెచ్చి జిరాక్స్ తీయించాడు. శనివారం పొద్దున్న షెడ్డు ముందు స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టారు. ఇంట్లో పుస్తకాల పురుగును నేనే కాబట్టి, చదివి తెలుగులో చెప్పడం నా వంతు.

"సదువు బిడ్డా. దొరలు ఏం జెప్పిండ్రో ఇందాం" అన్నాడు మేస్త్రి, బీడీ చెవి మీద పెట్టుకుని.

చదివాను. పై బీడింగ్‌ను తొమ్మిది క్లిప్పులు పట్టుకుని ఉంటాయని, ఒక చివర నుంచి మొదలుపెట్టి, పల్చటి పనిముట్టు ఏదైనా పట్టీ కిందికి పోనిచ్చి, ఒక్కో క్లిప్పు దగ్గరా కొద్దికొద్దిగా లేపాలని, ఎక్కడా బలం పెట్టకూడదని ఉంది. పక్కనే బొమ్మ కూడా ఉంది.

"విన్నావుగా మేస్త్రీ. తొమ్మిది క్లిప్పులు. అంతే" అన్నాడు నాన్న.

"గది కంపెనీలకెల్లి వచ్చిన బండికన్నా. నీది సిన్మోళ్ల చెయ్యి పడ్డ బండి. దీన్ల ఏమున్నదో ఆ దొరకేం ఎర్క?"

మేస్త్రి అనుమానం ఊరికే వచ్చింది కాదు. పాటలో హీరో బండి నడుపుతూ ఎదురుగా కనిపించాలంటే కెమెరాను బానెట్ మీద కడతారు. అద్దం ఉంటే అందులో లైట్లూ, మనుషులూ, చెట్లూ అన్నీ కనిపిస్తాయి. అందుకని అద్దమే తీసేస్తారు. తెర మీద మనం చూసే హీరో చాలాసార్లు అద్దం లేని కారులోనే నవ్వుతూ ఉంటాడు. పాట అయ్యాక గబగబా మళ్లీ బిగించి బండిని పంపించేస్తారు. ఆ బిగించేది మెకానిక్కులు కాదు, సెట్లు కట్టే వడ్రంగులు.

"అద్దం తీసిన ప్రతిసారీ నేను పక్కనే ఉన్నాను. ఎట్టా తీశారో అట్టాగే పెట్టారు" అన్నాడు నాన్న.

"పక్కనే ఉన్నవా?"

"ఉన్నానయ్యా."

"గట్లయితే మంచిదే. మీ కృష్ణా జిల్లోళ్లు అబద్ధమాడరు గద" అని మేస్త్రి నా వైపు చూసి కన్ను గీటాడు. నేను నవ్వు ఆపుకుని పేజీ తిప్పాను.

బీడింగ్ అంచుల్లో ఏళ్లనాటి సబ్బు గట్టిపడి ఉంది. షూటింగులో నికెల్ మెరుపు కెమెరాకు కొట్టకుండా దాని మీద సబ్బు రుద్దేవాళ్లు. కడిగినా మూలల్లోది పోదు. అది తీస్తే తప్ప పని మొదలుకాదన్నాడు మేస్త్రి. ఆ మధ్యాహ్నం పాత టూత్‌బ్రష్షు, గోరువెచ్చని నీళ్లు తెచ్చుకుని నేను ఆ పనిలో దిగాను. మాట్లాడక్కర్లేని పని ఏదైనా నాకు ఇష్టమే. సబ్బు ముందు బూడిదరంగుగా, తర్వాత తెల్లగా కరిగి, చివరికి చందనం వాసన వచ్చింది. ఏ నటీమణి సబ్బో అది.

అలా తోముతుంటే నాలుగు చోట్ల మెరుపు రాలేదు. కందిగింజంత గుండ్రటి మచ్చలు. పట్టీ అంతా చల్లగా, నున్నగా తగులుతుంటే అవి మాత్రం వేలికి కాస్త గరుకుగా తగిలాయి. ఒకదాన్ని గోటితో గీకాను. వెండిరంగు పెయింటు ఊడి, లోపల తెల్లగా కనిపించింది. గోడలకు పూసే లప్పంలా ఉంది. పుస్తకం తెచ్చి బొమ్మ చూశాను. ఆ చోట్లలో ఏమీ లేవు. లోపల స్క్రూలు దిగేసి పైన కప్పేశారేమో అనిపించింది.

నాన్న, మేస్త్రి నాకు పది అడుగుల దూరంలోనే టీ తాగుతున్నారు. లేచి వెళ్లి ఒక్క మాట చెబితే సరిపోయేది. కాని నాన్న అప్పుడే కదా "నేను పక్కనే ఉన్నాను" అన్నాడు. నేను ఈ మచ్చల సంగతి చెబితే మేస్త్రి ముందు ఆ మాట అబద్ధమవుతుంది. అదీగాక, అది నిజంగా లప్పమేనో కాదో. పాత అతుకేమో. నాకు కార్ల గురించి ఏం తెలుసు? ఇలా ఒకటి తర్వాత ఒకటి సాకులు వచ్చి కూర్చున్నాయి. ఇంతలో వాళ్లు టీ గ్లాసులు పెట్టేసి పక్క బీడింగులు తీయడానికి వచ్చారు. అవి సులువుగానే వచ్చాయి. కిందది కూడా వచ్చింది. నాన్న ముఖంలో సంతోషం చూశాక ఇంక నోరు రాలేదు.

ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: "పై బీడింగ్ మీద నాలుగు మచ్చలు. గీకితే తెల్లగా ఉంది. పుస్తకంలో లేవు. నాన్నకు చెప్పాలి." రాశాక చెప్పేసినంత తేలిక అయింది. నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే ఇది. కాగితం మీద పెడితే పని అయిపోయినట్టే అనిపిస్తుంది.

ఆదివారం పొద్దున్న నేను తలంటు పోసుకుని వచ్చేసరికే పని మొదలైంది. మేస్త్రి వెదురు పుల్లలు కత్తిలా పల్చగా చెక్కి తెచ్చాడు. ఇనుము అయితే నికెల్ గీసుకుపోతుందని ఆయన పద్ధతి. పట్టీ పొడుగునా కిరసనాయిలు చుక్కలు చుక్కలుగా వేసి, గంటసేపు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"ఇంకా ఎంతసేపయ్యా? అటు మబ్బు పడుతోంది" అన్నాడు నాన్న.

"కిరసనాయిలు పోసుడు పని కాదన్నా. పోసి ఊకుండుడే పని. నువ్వు ఊకుండవ్, అదే నీ బీమారి."

గంట అయ్యాక ఎడమ చివర నుంచి పుల్ల పోనిచ్చాడు నాన్న. బండి తనది కాబట్టి పై బీడింగ్ తనే తీస్తానని ముందే పంతం పట్టాడు. మొదటి క్లిప్పు టిక్కుమని వదిలింది. రెండోది వదిలింది. "తొమ్మిదిలో రెండు" అన్నాడు. మూడో దాని దగ్గర పుల్ల ఆగింది. కదల్లేదు. ఇంకొంచెం లోపలికి నెట్టి లేపాడు.

నాకు అక్కడ ఏముందో తెలుసు. మొదటి మచ్చ సరిగ్గా అక్కడే ఉంది. 'నాన్నా' అన్నానో, అనుకున్నానో. బయటికి మాత్రం ఏమీ వినిపించలేదు.

పట్టీ చిన్నగా కీచుమంది. నాన్న చెయ్యి తీసేశాడు. చివర నుంచి జానెడు దూరంలో పై బీడింగ్ మడిమ తిరిగినట్టు వంగి ఉంది. ముగ్గురమూ దాన్నే చూశాం. పక్కవాళ్ల ఇంట్లో టీవీ సీరియల్ పాట స్పష్టంగా వినిపిస్తోంది.

"అయిపోయింది" అన్నాడు నాన్న, చాలా మామూలుగా. వెళ్లి గడప మీద కూర్చున్నాడు. ఆ మామూలుతనం చూస్తే నాకు ఏడుపొచ్చింది. అరిచి ఉంటే బాగుండేది.

అప్పుడు వచ్చింది నా నోటికి మాట.

"అక్కడ స్క్రూ ఉంది నాన్నా. నాలుగు చోట్ల ఉన్నాయి. పైన లప్పం పెట్టి పెయింటు వేశారు."

మేస్త్రి వంగి చూశాడు. నేను గీకిన మచ్చ మీద వేలు పెట్టి, నా వైపు తిరిగాడు.

"ఎప్పుడు జూసినవ్ బిడ్డా?"

"నిన్న."

"నిన్న జూస్తే, ఇయ్యాల చెప్తున్నవా?"

తల వంచుకున్నాను. డైరీలో రాశానని చెప్పడం ఇంకా సిగ్గు. నాన్న ఏమంటాడోనని చూడకుండానే ఎదురుచూశాను. ఆయన గడప మీద నుంచే అన్నాడు:

"దాన్నేమీ అనకు మేస్త్రీ. తప్పు నాది."

"నువ్వు పక్కనే ఉన్నవ్ గదా అన్నా?"

"లేను."

"ఏందీ?"

"అద్దం తీసే టైముకి నేను టీ తాగను వెళ్లిపోయేవాణ్ణి. ప్రతిసారీ. వాళ్లు సుత్తులు పట్టుకుని దాని మీద పడతంటే నేను చూళ్లేను. బిగించాక వచ్చేవాణ్ణి. బాగానే ఉందిగా అనుకునేవాణ్ణి."

మేస్త్రి చెవి మీది బీడీ తీసి, వెలిగించకుండానే మళ్లీ పెట్టుకున్నాడు.

"మంచిగున్నది. అయ్య జూడడు, బిడ్డ జూసినా చెప్పది. నడుమ నేనొక్కడినే పాగల్ గాణ్ణి. లే అన్నా, లే. వంగింది గని ఇరగలే. మడత పెద్దగలే. స్క్రూలు తీసినంక నేను సాపు జేస్త. బిడ్డా, నీకు చిన్నచిన్నయి బాగనే కనవడ్తయ్. రా, గా లప్పం నువ్వే తియ్యి."

చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసి, వంచి, ఒక్కో మచ్చలోంచీ లప్పం తవ్వాను. నిజంగానే లోపల స్క్రూలు. చెక్కకు వాడేవి, ఒకదానికీ ఇంకొకదానికీ పోలిక లేదు. సెట్టు కట్టే వడ్రంగి జేబులో ఏది దొరికితే అది దిగేసి, పైన లప్పం మెత్తి, బొటనవేలితో నున్నగా చేశాడు. ఒక దాని మీద ఆ వేలిముద్ర కూడా ఉంది. ఎవరో తెలియని ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. వెనక నుంచి ప్రొడక్షన్ మేనేజరు అరుస్తుంటే, ఎండ దిగిపోతుంటే, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

మూడు స్క్రూలు తిరిగాయి. వంపు దగ్గరిది తిరగలేదు. వేడి చేసి వదులు చేద్దామంటే, అద్దం పక్కనే ఉంది కాబట్టి మంట పెట్టకూడదు. నాన్న లేచి, హారన్ వైర్లు అతికించే సోల్డరింగ్ కడ్డీ తెచ్చాడు. దాని వేడి ముక్కును స్క్రూ తల మీద ఆనించి పట్టుకున్నాడు మేస్త్రి. పెయింటు వాసన వచ్చింది. "ఇప్పుడు నువ్వు తిప్పు" అని స్క్రూడ్రైవరు నాన్న చేతికిచ్చాడు.

"నువ్వే తిప్పు. నా చెయ్యి మంచిది కాదివాళ."

"నీ బండి నువ్వే తిప్పాలె. నేను పారిపోతలేను, టీ గిట్ల తాగనీకి."

నాన్నకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తిప్పాడు. స్క్రూ కిర్రుమని అరచుట్టు తిరిగి, తర్వాత వేళ్లతో తీసేంత వదులైపోయింది. మిగిలిన క్లిప్పులు పుస్తకంలో రాసినట్టే ఒక్కొక్కటే టిక్కు టిక్కుమన్నాయి. నాన్న లెక్కపెడుతూ పోయి, "తొమ్మిది" అన్నప్పుడు పై బీడింగ్ మా ముగ్గురి చేతుల్లో ఉంది. అంత పొడుగుదీ అరటి మట్టంత బరువు కూడా లేదు.

మేస్త్రి దాన్ని చింత మొద్దు మీద పెట్టి, రబ్బరు సుత్తితో మడత మీద మెల్లగా తట్టాడు. తట్టడం కన్నా వేళ్లతో తడమడమే ఎక్కువసేపు. చివరికి వెలుతురులో పట్టుకుని చూస్తే మడత పోయింది గానీ, చిన్న అల లాంటిది మిగిలింది. ఒక కన్ను మూసి చూస్తేనే కనబడుతుంది.

"కూసుంటది. గా అల మాత్రం పోదు."

"ఉండనీ" అన్నాడు నాన్న.

ఆ తర్వాత అద్దం తీసి, దుప్పటి చుట్టి లోపల గోడకు ఆనించారు. అంతలోనే చినుకులు మొదలయ్యాయి. తొలకరి మేం అనుకున్న దానికంటే పది రోజులు ముందే వచ్చింది. బండికి ముందద్దమే లేదు. నాన్నా మేస్త్రీ టార్పాలిన్ కోసం షెడ్డులోకి పరుగెత్తారు. గాలికి అది ఎగిరి నా ముఖానికి చుట్టుకుంది. మేం ముగ్గురం దానితో కుస్తీ పడుతుండగా ముందు సీట్లు తడిసిపోయాయి, కాళ్ల దగ్గర నీళ్లు నిలిచాయి. మూలలు కట్టి తిరిగి చూస్తే మొద్దు మీద పెట్టిన పై బీడింగ్ లేదు.

అమ్మ దాన్ని రెండు చేతుల మీద అడ్డంగా పెట్టుకుని మెట్లెక్కుతోంది. వంటింటి కిటికీలోంచి పొద్దుటి నుంచీ అన్నీ చూస్తూనే ఉందట. నేను వెనకే వెళ్లాను. తన పాత నూలు చీర పరిచి, దాన్ని అందులో చుట్టి, తను పడుకునే మంచం కింద గోడవైపు నెట్టింది.

"ఇక్కడైతే ఎవరూ తొక్కరు" అంది.

నాన్న తడి బట్టలతో గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి, ఆగి, చివరికి తనే చెప్పేశాడు.

"లోపల నీళ్లు పడ్డాయే."

అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"అద్దమే లేని బండిలో నీళ్లు పడితే దాన్ని కారడం అంటారేంటండీ? ఆ తల తుడుచుకోండి ముందు."

మర్నాడు నేను క్యాబు కోసం చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. అమ్మ తీసింది. రెస్టారెంట్ ఆయన. అవతల ఆయన చాలాసేపు మాట్లాడాడు. అమ్మ "ఊఁ, ఊఁ" అంటూ ఓపిగ్గా విన్నది.

"లేదండీ, ఇవ్వడం లేదు. ముందద్దం పనిలో ఉంది. మీరు వేరేది చూసుకోండి" అని ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి, "ఆ కొత్త రబ్బరు ఎప్పటికి తెస్తాడట మీ మేస్త్రి?" అంది.